చివర టీయా, డీయా?

సూర్యప్రకాశరావుని ఆదివారం పూట, పట్టపగలు, మూడు గంటల ఐదు నిమిషాలకి కాల్చేశారు.

అది 2009 మార్చి నెల. టెక్సస్‌లోని ఇర్వింగ్. రెండంతస్తుల అపార్ట్‌మెంట్ల మధ్య మెయిల్‌బాక్సులున్న చోట, సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో, రెండు గుళ్లు. పై వాటాలో బట్టలు మడత పెట్టుకుంటున్న ఆవిడ, ఎవరో కారు తలుపు గట్టిగా వేశారనుకుంది. ఆయనకి ఉత్తరాలు రావు. ఆయన ఆ ఊళ్లో ఉన్నాడన్న సంగతే ఎవరికీ తెలియకూడదు. నాలుగు గోడలు చూసి చూసి విసుగెత్తి, కాపలావాణ్ణి బతిమాలుకుని, కాసేపు ఎండలో నిలబడదామని కిందికి దిగాడు. చంపినవాడు అప్పుడే వచ్చి కారాపుకుని కూర్చున్నాడు.

సూర్యప్రకాశరావు, ఆయన స్నేహితుడు ధర్మారావు కరెంటు గ్రిడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీర్లు. పవర్ స్టేషన్ల మ్యాపులు దొంగిలించి దేశం దాటిస్తున్న ఒక విదేశీ ముఠాని ఇద్దరూ కళ్లారా చూశారు. యాంట్‌వెర్ప్ రేవులో పుట్టిన ఆ ముఠాకి ఆఫీసు ఫైళ్లలో పేరు లంగరు. జూన్‌లో కోర్టులో సాక్ష్యం చెప్పవలసినవాళ్లు ఇద్దరు. ఇప్పుడు ఒక్క ధర్మారావే మిగిలాడు.

సాక్షుల్ని దాచి కాపాడే ఆ గూఢచారి ఆఫీసు పేరు తొమ్మిదో డెస్క్. మొదటి ఎనిమిది డెస్కులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఇర్వింగ్‌లోనే, పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో, బోర్డు లేని తలుపు వెనక ఉంటుంది. దాని చీఫ్ కేశవరావుది వరంగల్. ఆయన ఎదురుగా ఆ సాయంత్రం చేతులు కట్టుకుని నిలబడ్డది ఏజెంట్ వసుమతి. ముప్పై నాలుగేళ్లు, సొంతూరు తెనాలి, నోటి దురుసు సొంతం. హేగ్ నగరంలో మూడేళ్లు డ్యూటీ చేసి డచ్ భాష చెవులారా నేర్చుకుంది. డెస్క్‌లో ఆ భాష వచ్చింది ఆమె ఒక్కదానికే.

కేశవరావు ఒక కాగితం ఆమె మొహం ముందు ఆడించాడు.

"ఏంది ఇది?"

"ఇవాళ్టి క్లాసు ట్రాన్స్‌క్రిప్ట్, సర్."

"తెలుగులో ఎందుకున్నది?"

"డచ్ వాళ్ల ఖకారాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాకే అర్థం కావు సర్. తెలుగులో అయితే విన్నది విన్నట్టు పడుతుంది. ఎవరైనా కొట్టేసినా చదవలేరు."

"కింద ఏం రాసినవో చదువు."

వసుమతి చదివింది. "అనుమానించదగ్గది ఏమీ లేదు."

"టైమ్?"

"రెండూ యాభై."

"మూడూ అయిదుకి మనిషి పోయిండు. ఈ కాగితం ఫ్రేమ్ కట్టించుకో."

ఆ మాట ఆమెకి మూడు నెలలపాటు నిద్ర పట్టనివ్వలేదు. అన్నవాడి మీద ఎంత కోపమొచ్చిందో, తన మీద తనకి అంతకు రెట్టింపు వచ్చింది.

ఆ క్లాసు సంగతి చెప్పాలి. ఇర్వింగ్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ కొట్టు మేడమీద ప్రతి ఆదివారం డచ్ భాష నేర్పుతారు. అది మాంద్యం రోజులు. ప్రాజెక్టులు పోయినవాళ్లు, హెచ్-వన్ వీసా మీద ఆశ వదులుకున్నవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగాలున్నాయని విని అక్కడ చేరేవారు. టీచరు పేరు రేణు. పుట్టింది సురినామ్ దేశంలో. తాతల కాలంలో చెరుకు తోటలకి వలస వెళ్లిన హిందుస్తానీ కుటుంబం, అక్కడ బడి భాష డచ్. పొడుగ్గా, నల్లచీరలో, చెవులకి ముత్యాలతో ఆమె మెట్లెక్కి వస్తుంటే కింద కూరగాయలు ఏరుకునేవాళ్లు బెండకాయలకి బదులు కాకరకాయలు సంచిలో వేసుకునేవారు.

రేణు లంగరు ముఠా మనిషి. అదే సమయంలో కేశవరావు మనిషి కూడా. డబుల్ ఏజెంట్. రెండేళ్ల కిందట తనే వచ్చి లొంగిపోయింది. ముఠాలో ఇద్దర్ని పట్టించింది. "ఆర్డర్లు నా క్లాసులోనే ఎలాగో చేతులు మారుతున్నాయి, ఎలాగో నాకు తెలియదు, కావాలంటే మైకు పెట్టుకోండి" అని గోడకి మైకు తనే బిగించుకుంది. ఆ నిజాయితీకి కేశవరావు కరిగిపోయాడు. ఆ మైకులోంచి వచ్చింది వినడమే ఆదివారాలు వసుమతి పని.

"ఇగ చెవులతోని కాదు, కళ్లతోని చూడు," అన్నాడు కేశవరావు. "క్లాసులో చేరు. ధర్మారావుని కాపాడే బాధ్యత నీది. ఈయన కూడా పోతే కేసు పోతది, నీ ఉద్యోగం పోతది, నాది కూడా పోతది."

ధర్మారావుని జార్జియాలోని కమ్మింగ్‌కి చేర్చింది వసుమతే. సేఫ్ హౌస్ తలుపు దగ్గర ఆ పెద్దాయన షుగరు మాత్రల డబ్బా చేత్తో పట్టుకుని ఆగాడు.

"అమ్మా, ఒక మాట అడగనా? మా సూర్యప్రకాశం ఉన్న చోటు కూడా ఎవరికీ తెలియదనే అన్నారు కదా?"

"ఈసారి నేను చూసుకుంటాను అంకుల్," అంది వసుమతి. ఆయన తలూపాడు. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

*

మే నెలాఖరులో పద్మజ అనే నిరుద్యోగి ఆ మెట్లెక్కింది. నూనె పెట్టిన జడ, పాత కంపెనీ పేరున్న బ్యాక్‌ప్యాక్, మెళ్లో గడువు తీరిన బ్యాడ్జీ. చేతికి ఒక గాజు. ఆ గాజులో రికార్డర్ ఉంది. వినపడింది దాచుకుంటుంది తప్ప బయటికి పంపదు. పంపే గాజు కావాలని అడిగితే, రెండేళ్లుగా అప్రూవల్ రాలేదన్నారు.

గుమ్మం దగ్గర బుట్ట. ఫోన్లన్నీ అందులో వేసి లోపలికి రావాలని రూలు. ఒక్క సత్యానికి మాత్రం మినహాయింపు. సత్యం ఆ క్లాసు బ్లాగు చూసేవాడు. పాఠం అవగానే బోర్డుని ఫోన్‌తో ఫోటో తీసి బ్లాగులో పెడతాడు. గోదావరి జిల్లా మనిషి, బట్టతల, నోరంతా నవ్వు.

"రండి పద్మజ గారూ. పులిహోర తెచ్చానండి. ఈ డచ్చి వాళ్ల ముక్కలు ఖాళీ కడుపుతో ఎక్కవండి బాబూ."

రేణు ఆ నాలుగు వారాలూ చెప్పింది ఒకటే పాఠం. ఇంగ్లీషులో గో, వెంట్, గాన్ అని మనం బట్టీ పట్టినట్టే డచ్‌లోనూ మాట వినని క్రియలు బోలెడున్నాయి. వాటి మూడో రూపం రాయాలంటే ముందు 'ఖె' తగిలించాలి. చివర కొన్నిటికి టీ, కొన్నిటికి డీ, మిగతావాటికి ఎన్. ఏది దేనికో గుర్తు పెట్టుకోవలసిందే. వచ్చిన చిక్కేమిటంటే, నోటితో పలికినప్పుడు చివరి టీకీ డీకీ తేడా లేదు. రెండూ ట్ అనే వినిపిస్తాయి. తేడా అంతా కాగితం మీదే.

పాఠం చివర రేణు ఎవరో ఒకర్ని బోర్డు దగ్గరికి పిలిచి క్రియలు చెబుతుంది, వాళ్లు మూడో రూపాలు రాస్తారు. తను మార్కర్ ముట్టుకోదు. చేతికి అలర్జీ అంటుంది.

మూడో వారం సత్యం వంతు వచ్చింది. తేవడం అనే క్రియ ఇచ్చింది. ఖెబ్రాఖ్ట్ అని రాయాలి. సత్యం నిబ్బరంగా ఖెబ్రెంగ్ట్ అని రాశాడు. హేగ్‌లో మూడేళ్ల పిల్లలు అనే మాట అది. వసుమతికి నవ్వాగలేదు. రేణు మాత్రం "బాగుంది" అని తర్వాతి క్రియకి వెళ్లిపోయింది.

నాలుగో వారం పద్మజ వంతు. చెప్పడం అనే క్రియ. ఖెజెఖ్ట్. వసుమతి చెవితో నేర్చుకున్న మనిషి, చివర టీ పెట్టేసింది.

"డీ!" రేణు అరుపుకి ముందు వరసవాళ్లు ఉలిక్కిపడ్డారు. "చివర డీ. ఎన్నిసార్లు చెప్పాలి? తుడిచి రాయి."

మాట మొత్తం తప్పు రాసినవాడికి మెచ్చుకోలు. ఒక్క అక్షరం, అదీ వినపడని అక్షరం తప్పు రాస్తే గావుకేక.

వసుమతి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించకుండానే మార్చి నెల కాగితం బయటికి తీసింది. తన చేతిరాత. వరసగా ట్, ట్, ట్. పలికినట్టే రాసే మన లిపి మీద ఆమెకి ఉన్న గర్వమంతా అక్కడే కారిపోయింది. చెవికి లేని తేడాని ఆ లిపి పారేసింది. ఆమె ఆ రోజు క్లాసు టేపు మళ్లీ పెట్టి, రేణు ఇచ్చిన క్రియల్ని ఒక్కొక్కటీ పట్టుకుని డచ్ స్పెల్లింగులో రాసింది. మొదట ఎన్. తర్వాత డీ. తర్వాత డీ. చివర మళ్లీ ఎన్.

డీ అంటే చుక్క. టీ అంటే గీత. ఎన్ అంటే విరామం. టెలిగ్రాఫ్ వాళ్ల మోర్స్ కోడ్. రెండు చుక్కలు కలిస్తే ఐ.

ఐ అంటే ఇర్వింగ్.

సూర్యప్రకాశరావుని ఆ బోర్డు మీద ఎవరో అమాయకుడి చేత రాయించి చంపారు. మైకులు ఎన్ని పెట్టుకున్నా వినపడదు. అందుకే ఆ మహాతల్లి మైకు తనే బిగించుకుంది. వసుమతి ఆ కాగితం మీద తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని మోర్స్ పట్టిక ముందేసుకుంది.

*

"రేణు మన మనిషి," అన్నాడు కేశవరావు గురువారం పొద్దున.

"మన మనిషి అయితే డీ దగ్గర ఎందుకు అరుస్తుంది సర్?"

"టీచర్ అన్నాక అరుస్తది. రెండు చుక్కలు పట్టుకొని నా ఏజెంట్ మీద కేసు పెడతవా?"

"డెస్క్‌కి నాలుగు ఊళ్లలో సేఫ్ హౌస్‌లున్నాయి. ఇర్వింగ్ ఐ, శాన్ రామన్ ఎస్, కమ్మింగ్ సీ, ఫ్రిస్కో ఎఫ్. నాలుగూ వాళ్లకి తెలిసిపోయాయి సర్. క్లాసయిన పావుగంటకే సూర్యప్రకాశరావుగారిని చంపారంటే నాలుగు ఊళ్లలోనూ ఒక్కొక్కడు బ్లాగు తెరుచుకుని కూర్చున్నాడన్నమాట. ఏ ఊరన్నదే వాళ్లకి కావాలి. ధర్మారావుగారిని వెంటనే మార్చండి."

"సోమవారం సాక్ష్యం. ఈ నాలుగు రోజుల్లో రోడ్డు మీద తిప్పుతమా? కుదరదు."

"అయితే ఒక్కటి చెయ్యండి. ఆదివారం మధ్యాహ్నం ఫ్రిస్కో ఇంట్లో నలుగుర్ని పెట్టండి. కింద గ్రోసరీలో ఇద్దర్ని."

"ఫ్రిస్కో ఇల్లు ఖాళీ కదా?"

"అందుకే."

ఆమె లెక్క ఇది. సీ అంటే గీత, చుక్క, గీత, చుక్క. ఎఫ్ అంటే చుక్క, చుక్క, గీత, చుక్క. మొదటి గుర్తు ఒక్కటే తేడా. ఆదివారం ఆ బోర్డు మీద కమ్మింగ్ పడితే, మొదటి టీని డీ చేస్తే చాలు. జార్జియాలో ఉన్న హంతకుడు కదలడు, ఫ్రిస్కోలో ఉన్నవాడు బోనులోకి నడిచి వస్తాడు. మిగతా మూడు ఊళ్లూ చుక్కతోనే మొదలవుతాయి. గీతతో మొదలైందంటే కమ్మింగే.

కేశవరావు ఆమెని వదిలించుకోవడానికే ఒప్పుకున్నాడు. గ్రోసరీలో ఉండేవాళ్లకి కోడ్ మాట కరివేపాకు. "రేపు కమ్మింగ్ పోయి ధర్మారావుని నేనే చూసి వస్త," అన్నాడు లేస్తూ. "నువ్వు ఇగ స్పెల్లింగులు మానెయ్."

*

జూన్ మూడో ఆదివారం. వసుమతి ఫోన్ బుట్టలో వేసి లోపల అడుగు పెట్టేసరికి టేబుల్ మీద అట్టపెట్టె. దాన్నిండా ఎర్రటి పీచ్ పళ్లు.

"ఒక్కోటి తీసుకోండి," అంది రేణు అందరికీ. "ఒక స్నేహితుడు ఊరెళ్లి తెచ్చిచ్చాడు."

వసుమతి పండు తీసుకుంది. దాని మీద చిన్న స్టిక్కరు. ఏదో తోట పేరు. దాని కింద: కమ్మింగ్, జార్జియా.

కేశవరావు! రెండేళ్లుగా ప్రపంచంలో ఎవర్నీ నమ్మని మనిషి, ఆ నల్లచీరకి పళ్లబుట్ట మోసుకొచ్చి ధర్మారావు అడ్రసు అంటించి మరీ ఇచ్చాడు. ఎదురుగా ఉంటే ఆ పండుతోనే కొట్టేది.

గోడ మీద గడియారం రెండూ పది. కమ్మింగ్ ఇంట్లో ఫోన్ ఉండదు. కాపలావాళ్లే మూడు గంటలకోసారి బయటికెళ్లి ఫోన్ చేస్తారు. అది కేశవరావు పెట్టిన రూలు. మళ్లీ చేసేది మూడున్నరకి. ఇప్పుడు తను లేచి వెళ్లిపోతే రేణు ఇంకెవరి చేతో వెంటనే రాయిస్తుంది. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోతుంది. గోడకున్న మైకు అవతల కూర్చుని వినవలసినది తనే. గాజు బుద్ధిగా అన్నీ రికార్డు చేసుకుంటోంది.

రెండూ ముప్పై అయిదుకి రేణు పుస్తకం మూసింది. సత్యం చెయ్యెత్తాడు. ఇంకో ఇద్దరు ఎత్తారు. వసుమతి కూడా ఎత్తింది.

రేణు ఆమె వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో సంగతి వసుమతికి అర్థమైపోయింది. పద్మజ ఎవరో రేణుకి తెలుసు. ఎవరు చెప్పారో అడగక్కర్లేదు, పళ్లతో పాటు అదీ ఇచ్చి ఉంటాడు. తనని కావాలనే పిలుస్తోంది. ధర్మారావు చావుని ధర్మారావుని కాపాడవలసినదాని చేతే రాయించాలి. రేపు బోర్డు ఫోటో తీసి చూస్తే అక్కడ ఉండేది వసుమతి చేతిరాతే.

"పద్మజా, నువ్వు రా. ఇవాళ తప్పులు లేకుండా రాయాలి."

రేణుకి తెలియనిది ఒక్కటే. పద్మజకి మోర్స్ వచ్చని.

వసుమతి మార్కర్ మూత తీసింది.

"లోపెన్," అంది రేణు. నడవడం.

ఖెలోపెన్. చివర ఎన్. విరామం.

"బ్రెంగెన్." తేవడం.

ఖెబ్రాఖ్ట్. చివర టీ. గీత. గీతతో మొదలైంది. అంటే కమ్మింగ్.

షుగరు మాత్రల డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆమె కళ్లముందు మెదిలాడు. ఆమె ఒక్కొక్క అక్షరమే రాసుకుంటూ వచ్చి, చివర గుండ్రంగా, వెనక బెంచీకి కూడా కనపడేలా, డీ పెట్టింది.

ఆ క్లాసులో డీకి టీ రాసినా టీకి డీ రాసినా ఏమవుతుందో అందరికీ తెలుసు. సత్యం ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అతనికి డచ్ రాదు. చివరి అక్షరాలు మాత్రం చదువుతాడు. టీచరు అరుస్తుందేమోనని చూస్తున్నాడు.

రేణు పెదాలు విడివడ్డాయి.

వసుమతి వెనక్కి తిరిగి డచ్‌లో మాట్లాడింది. తడబాటు లేని, గడగడ సాగే, హేగ్ వీధుల డచ్. క్లాసులో ఆ మాటలు అర్థమయ్యేది రేణు ఒక్కదానికే.

"టీచర్, నాదో సందేహం. ఫెరాడెన్ అనే క్రియకి మూడో రూపం ఏమిటి?"

ఫెరాడెన్ అంటే నమ్మించి మోసం చెయ్యడం. రేణు ముత్యాలు కదలడం మానేశాయి.

"ఫెరాడెన్," అంది మెల్లగా. "దానికి ఖె రాదు. రెండూ ఒకటే."

"అదే నాకు విడ్డూరంగా ఉంది. చెయ్యబోతున్నదానికీ చేసేసినదానికీ ఒకటే మాట. కోర్టులో మాత్రం తేడా ఉంటుంది." వసుమతి గాజుని వేలితో ఒకసారి తిప్పింది. "మార్చిలో ఒకటి అయిపోయింది. రెండోది ఇంకా కాలేదు. నాకు చుక్కలూ గీతలూ వచ్చు. ఇప్పుడు నువ్వు దీన్ని దిద్దావంటే, ఏం చేస్తున్నావో తెలిసే చేశావని ఈ గాజు సాక్ష్యం చెబుతుంది. రెండు హత్యలు. టెక్సస్‌లో దానికి ఏం చేస్తారో నీకు తెలుసు."

"దిద్దకపోతే నా వాళ్లు నన్ను చంపుతారు," అంది రేణు, పాఠం చెబుతున్న గొంతుతోనే.

"నీ వాళ్లెవరో నువ్వే తేల్చుకో. రెండేళ్లుగా తేల్చుకోలేదుగా."

"టీచర్ గారూ," వెనకనుంచి సత్యం నవ్వుతూ పిలిచాడు. ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. "ఏటండీ ఆలస్యం? ఆ స్పెల్లింగు సరైనదేనాండి?"

రేణు బోర్డు వైపు చూసింది. ఆ డీ వైపు చూసింది. ఆమె ఎప్పుడూ వదిలిపెట్టని తప్పు, సంతకం పెట్టినంత పెద్దగా, ఎదురుగా ఉంది. వసుమతి ఆమెని జాలి లేకుండా చూస్తూ నిలబడింది. మార్చి నెల తర్వాత ఆ మనిషి మీద జాలి పడే ఓపిక ఆమెకి లేదు.

"ఖూట్," అంది రేణు చివరికి. బాగుంది అని. ఆ మాట చివర కూడా పలికేది ట్, రాసేది డీ. "సరిగ్గానే ఉంది సత్యం. తర్వాతిది, జెఖెన్."

చెప్పడం. డీ.

"కోపెన్." కొనడం. టీ.

"ఫ్రాఖెన్." అడగడం. డీ.

"స్ఖ్రెయ్‌ఫెన్." రాయడం. ఎన్.

చుక్క, చుక్క, గీత, చుక్క. ఫ్రిస్కో.

సత్యం ఫోటో తీశాడు. ఫోన్ మీద బొటనవేళ్లు ఆడాయి. రెండూ నలభై రెండుకి ఫోటో బ్లాగులో పడింది. అతను సంచి సర్దుకుని, మిగిలిన పులిహోర డబ్బాకి మూత పెట్టి, అందరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. వసుమతి రేణు చెయ్యి పట్టుకుని, అక్కాచెల్లెళ్లలాగా, అతని వెనకే దిగింది.

సత్యం కూరగాయల వరసలో ఆగాడు. వసుమతి కౌంటరు వైపు తిరిగి గట్టిగా అడిగింది.

"కరివేపాకు ఉందాండి?"

బియ్యం బస్తాలు ఎత్తి చూస్తున్న ఇద్దరు మగవాళ్లు బస్తాలు వదిలేశారు. సత్యం పులిహోర నేలపాలైంది. కొట్టువాడు లబోదిబోమన్నాడు. సత్యం గోదావరి మర్యాదలన్నీ మరిచిపోయి, బెల్టులోకి చెయ్యి పోనిచ్చాడు గానీ, అప్పటికే అతని చెంప కొత్తిమీర కట్టల మీద ఆనించి ఉంది.

మూడూ ఒకటికి ఫ్రిస్కోలో ఖాళీ ఇంటి కాలింగ్ బెల్ మోగింది. పిజ్జా డెలివరీ చొక్కా వేసుకున్నవాడు తలుపు తీసినవాళ్లని చూసి పిజ్జా పెట్టె తెరవబోయాడు. అందులో పిజ్జా లేదు. నలుగురూ కలిసి అతణ్ణి లోపలికి ఆహ్వానించారు. ఆ ఇరవై నిమిషాల్లో బ్లాగు తెరిచిన బయటివాళ్లు నలుగురే. మిగతా ముగ్గుర్నీ పొద్దుగూకేలోపు వాళ్ల వాళ్ల ఊళ్లలోనే పట్టుకున్నారు. కమ్మింగ్‌లో ఉన్నవాడు ధర్మారావు ఇంటికి రెండు వీధుల అవతల, కారులో కూర్చుని పీచ్ పండు తింటున్నాడు.

ధర్మారావు సోమవారం కోర్టులో రెండున్నర గంటలు మాట్లాడాడు. బయటికి వచ్చి వసుమతి చెయ్యి పట్టుకున్నాడు.

"అసలేం జరిగిందమ్మా ఆదివారం? కాపలా పిల్లలు ఏమీ చెప్పరు."

"ఏం లేదు అంకుల్. చిన్న స్పెల్లింగ్ మిస్టేక్," అంది వసుమతి. అంతలోనే ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. సూర్యప్రకాశరావుకి కూడా ఎవరైనా అలాంటి తప్పు ఒకటి చేసిపెట్టి ఉంటే బాగుండేది.

రేణు తన వాంగ్మూలంలో, సాక్షి ప్రాణం కాపాడింది తానేనని, మొదటినుంచీ తొమ్మిదో డెస్క్ తరఫునే ఉన్నానని రాసుకుంది. కేశవరావు అది నమ్మడానికి గట్టిగానే ప్రయత్నించాడు. వసుమతి జేబులోంచి చిన్న స్టిక్కరు తీసి ఆయన టేబుల్ మీద, ఆయన నేమ్‌ప్లేట్ పక్కన అంటించింది. కమ్మింగ్, జార్జియా. ఆ మధ్యాహ్నం ఆయన ఎవరి మీదా అరవలేదు.

వారం తర్వాత వసుమతి ఫైనల్ రిపోర్టు తిరిగి వచ్చింది. ఈసారి ఆమె డచ్ మాటల్ని తెలుగులో రాయలేదు. డచ్ అక్షరాల్లోనే, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసింది. కేశవరావు ఎక్కడినుంచో డచ్ నిఘంటువు తెప్పించుకున్నట్టున్నాడు. నాలుగో పేజీలో ఎర్రసిరాతో సున్నా చుట్టి పక్కన రాశాడు: "ఖెబ్రాఖ్ట్ చివర టీ రావాలి. డీ తప్పు. దిద్ది పంపుము."

వసుమతి దాని కిందే నల్లసిరాతో రాసి, దిద్దకుండా వెనక్కి పంపింది: "తప్పని తెలుసు సర్. దిద్దితే మనిషి పోతాడు."